జబ్బు ఊపిరితిత్తులది, మరణం గుండెది: ఆక్సిజన్ రైళ్లు కదిలిన ఊళ్లో ఒక ప్రశ్న

2021 మే నెలలో టాటానగర్ స్టేషన్ నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో రైళ్లు దేశంలోని పలు రాష్ట్రాలకు బయలుదేరాయి. కర్ణాటకకు చేరిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుంచి వెళ్లిందే. ఆరు ట్యాంకర్లలో 120 టన్నులు. ఉక్కు కరిగించడానికి ఆక్సిజన్ కావాలి కాబట్టి, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే భారీ ప్లాంట్లు జంషెడ్‌పూర్‌లో ఉన్నాయి. ఆ కొన్ని వారాలు ఈ ఊరు దేశానికి ఊపిరి పంపింది.

ఆ స్టేషన్‌ను ఆనుకునే బాగ్‌బేరా ఉంది. మా పెదనాన్న ఇల్లు అక్కడే. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలోనే పనికోసం వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా కాంట్రాక్టర్ల కింద రకరకాల షెడ్లలో పనిచేశాడు. యాభై దాటాక ఆయాసం మొదలైంది. అరవైలో స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కలేకపోయాడు. ఆ తర్వాత కాళ్లు వాచేవి. ఉప్పు ఎక్కువైందన్నారు, కిడ్నీ అన్నారు, వయసన్నారు. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. మొదటిసారి ఇంటికి వచ్చాక కాన్సన్‌ట్రేటర్ యంత్రాన్ని ఒక నెల అద్దెకు తెచ్చాం. మనిషి తేరుకున్నట్టు కనిపించగానే, అద్దె భారమని తిరిగి ఇచ్చేశాం. రెండోసారి ఇంటికొచ్చిన మూడో వారంలో, 2023 జనవరిలో, తెల్లవారుజామున పోయాడు. కాగితం మీద కారణం గుండె ఆగిపోవడం అని రాశారు.

మా పెద్దమ్మ అడిగిన మాట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ ఊపిరితిత్తుల జబ్బన్నారు కదా, మధ్యలో గుండె ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం. జవాబు వైద్యశాస్త్రంలో చాలాకాలంగా ఉంది. అది మన ఆరోగ్య వ్యవస్థలోకి మాత్రం రాలేదు.

ఇది ఒక ఇంటి కథ కాదు

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో ప్రధానమైనది సీవోపీడీ. ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకై, గాలి తిత్తుల గోడలు దెబ్బతిని, లోపలికి వెళ్లిన గాలి బయటకు రాలేని స్థితి ఇది. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 35 లక్షల మంది దీనివల్ల చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మరణ కారణాల్లో ఇది నాలుగోది. 70 ఏళ్లలోపు సీవోపీడీ మరణాల్లో దాదాపు 90 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి.

మన దేశం సంగతి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. 2016 నాటికి దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి సీవోపీడీ ఉంది. ఆ ఏడాది మొత్తం మరణాల్లో 10.9 శాతం దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బుల ఖాతాలో పడ్డాయి. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతమైతే, ఈ జబ్బుల భారంలో 32 శాతం. సీవోపీడీ భారంలో వాయు కాలుష్యం వాటా 53.7 శాతం, పొగాకుది 25.4 శాతం, పనిచేసే చోటి దుమ్ము, పొగలది 16.5 శాతం అని అదే అధ్యయనం తేల్చింది. అంటే ‘బీడీ తాగాడు, అనుభవించాడు’ అనే తీర్పు సగానికి పైగా తప్పు.

పైగా మరణాల లెక్కలో ఒక చిక్కుంది. సీవోపీడీ రోగులందరూ ఊపిరి ఆడకే చనిపోరు. 2007లో వెలువడిన టార్చ్ అనే పెద్ద ఔషధ పరీక్షలో ఆరు వేలకు పైగా రోగులను మూడేళ్లు గమనించారు. చనిపోయిన ప్రతి ఒక్కరి రికార్డులనూ నిపుణుల కమిటీ పరిశీలించింది. శ్వాస సంబంధ కారణాలతో పోయినవారు 35 శాతం, గుండె, రక్తనాళాల కారణాలతో 27 శాతం, క్యాన్సర్‌తో 21 శాతం. నలుగురిలో ఒకరికి పైగా గుండెతో పోయారన్నమాట. జబ్బు స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్నవారిలో గుండె మరణాలు, క్యాన్సర్లు ముందుంటాయి. జబ్బు ముదిరేకొద్దీ శ్వాస వైఫల్యం ముందుకొస్తుంది.

గుండె ఎలా దెబ్బతింటుంది

గుండె ఒకటే అయినా అందులో పంపులు రెండు. ఎడమ పంపు రక్తాన్ని ఒళ్లంతా పంపుతుంది. కుడి పంపు ఊపిరితిత్తులకు మాత్రమే పంపుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి మామూలుగా చాలా తక్కువ. అందుకే కుడి పంపు గోడ పలుచగా ఉంటుంది. బరువు మోయడం దాని పని కాదు.

ఊపిరితిత్తుల్లో ఒక భాగానికి గాలి సరిగా అందకపోతే అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి. స్వీడన్‌లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే శాస్త్రవేత్తలు 1946లో దీన్ని చూపించారు. శరీరానికి ఇది తెలివైన ఏర్పాటే. ఆక్సిజన్ లేని చోటికి రక్తాన్ని పంపి వృథా చేయకుండా, ఉన్న చోటికి మళ్లిస్తుంది. అయితే రెండు ఊపిరితిత్తుల్లోనూ ఆక్సిజన్ కొరత ఏర్పడితే నాళాలన్నీ ముడుచుకుంటాయి. ఏళ్ల తరబడి అలా ఉంటే వాటి గోడలు మందమైపోతాయి. అప్పుడు కుడి పంపు ఇరుకు గొట్టాల్లోకి రక్తాన్ని నెట్టాలి. ముందు కండ పెంచుతుంది, తర్వాత సాగిపోతుంది, చివరికి అలసిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల కుడి గుండె ఇలా దెబ్బతినడాన్నే డాక్టర్లు కార్ పల్మొనేల్ అంటారు.

కుడి పంపు వెనకబడితే, ఒంట్లోంచి తిరిగి వచ్చే రక్తం ముందుకు కదలక నిలిచిపోతుంది. మెడ నరాలు ఉబ్బుతాయి. కాలేయం బరువెక్కి కుడి డొక్కలో నొప్పి, ఆకలి మందగించడం మొదలవుతాయి. సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది. మా ఇంట్లో ఉప్పు అనుకున్నది ఇదే.

ఎడమవైపు కథ వేరు. పొగ ఊపిరితిత్తుల్లో రేపిన మంట అక్కడే ఆగదు, రక్తంలోకి చేరుతుంది. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో పూడికలు పెరుగుతాయి. గుండెపోటు, గుండె వైఫల్యం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం సీవోపీడీ రోగుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. లక్షణాలు మాత్రం కలిసిపోతాయి. ఆయాసం రెండింటికీ ఉంటుంది. ఛాతీ పట్టేసినట్టు ఉండటమూ రెండింటికీ ఉంటుంది. ఊపిరితిత్తుల రోగి ఛాతీ బరువుగా ఉందంటే ఇంట్లోవాళ్లు ఇన్‌హేలర్ చేతికిస్తారు తప్ప, ఈసీజీ తీయించాలన్న ఆలోచన రాదు.

1959లోనే చెప్పిన మాట

ఇది విదేశాల్లో మాత్రమే కనిపెట్టిన సంగతి కాదు. మన దేశపు తొలి మహిళా కార్డియాలజిస్టుగా పేరొందిన డాక్టర్ ఎస్. పద్మావతి, ఒక సహచరుడితో కలిసి, ఢిల్లీలో 127 కార్ పల్మొనేల్ కేసులపై చేసిన అధ్యయనాన్ని 1959లో సర్క్యులేషన్ అనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో అప్పటికి ఇది ఎక్కువగా పొగతాగే మగవాళ్ల జబ్బు. ఢిల్లీలో ఆడవాళ్లలోనూ దాదాపు అంతే కనిపించింది, అదీ చిన్న వయసులో. వాళ్లలో అత్యధికులు పొగ తాగేవారు కారు. కట్టెలు, పిడకలు మండే గాలి ఆడని వంటింట్లో రోజూ గంటల తరబడి కూర్చునేవారు. పొయ్యి పొగ ఊపిరితిత్తుల గుండా గుండెను చేరుతోందని అరవై ఏళ్లకు ముందే ఒక భారతీయ డాక్టర్ ప్రపంచానికి చెప్పారన్నమాట. ఆమె 103 ఏళ్ల వయసులో 2020 ఆగస్టులో కోవిడ్‌తో మరణించారు.

ఆ పొయ్యి ఇంకా ఆరలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పది ఇళ్లలో తొమ్మిది గ్యాస్ వంటి శుభ్రమైన ఇంధనంతో వండుతున్నాయి. ఝార్ఖండ్‌లో అలాంటి ఇళ్లు మూడింట ఒక వంతు కూడా లేవు. ఉజ్వల కింద సిలిండర్ వచ్చిన ఇళ్లలోనూ అది అయిపోయాక మళ్లీ నింపించుకునే స్తోమత లేక పాత పొయ్యికి వెళ్లడం కొత్త కాదు. ఇక్కడ కట్టెలతోపాటు బొగ్గు కూడా ఉంది. గనుల ప్రాంతాల నుంచి సైకిళ్ల మీద బస్తాలు వేలాడదీసుకుని బొగ్గు తెచ్చి అమ్మే మనుషులు ఝార్ఖండ్ రోడ్ల మీద అందరూ చూసే దృశ్యమే. దానికి మా వైపు నుంచి వెంట తెచ్చుకున్న చుట్ట అలవాటు, షెడ్లలో దుమ్ము, ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ మిగిల్చిన మచ్చలు తోడైతే, ఒకే ఛాతీలో నాలుగు కారణాలు చేరతాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక నెల రోజులు

సీవోపీడీ రోగికి అప్పుడప్పుడూ జబ్బు ఒక్కసారిగా తిరగబెడుతుంది. చలికాలం జలుబో, పొగమంచో, ఇన్ఫెక్షనో కారణమవుతుంది. దగ్గు, కఫం, ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేరతారు. అయిదారు రోజుల్లో తేరుకుంటారు. డిశ్చార్జి అయ్యాక గండం గడిచిందనుకుంటాం.

గుండె విషయంలో గండం అప్పుడే ఉంటుంది. గుండె ముప్పు ఉన్న 16 వేలకు పైగా సీవోపీడీ రోగులతో జరిగిన సమ్మిట్ పరీక్ష సమాచారాన్ని 2018లో మళ్లీ విశ్లేషించారు. జబ్బు తిరగబెట్టిన తర్వాత మొదటి 30 రోజుల్లో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనల ముప్పు, అంతకుముందుతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవారిలో దాదాపు పది రెట్లు. ఒంట్లో మంట, ఆక్సిజన్ తగ్గడం, గుండె వేగంగా కొట్టుకోవడం, రక్తం గడ్డకట్టే గుణం పెరగడం అన్నీ ఒకేసారి మీదపడటం దీనికి కారణం.

మా పెదనాన్న పోయింది మూడో వారంలో. ఈ లెక్కను చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది డిశ్చార్జి కాగితం. అందులో మందుల పేర్లున్నాయి, నెల తర్వాత రమ్మని ఉంది. ఈ నెలలో గుండె జాగ్రత్త అని లేదు. ఎకో తీయించమని లేదు. ఒక ఆసుపత్రిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఊపిరితిత్తుల డాక్టర్ ఒక గదిలో, గుండె డాక్టర్ మరో గదిలో ఉన్నప్పుడు రోగి వాళ్ల మధ్య వరండాలో మిగిలిపోవడం దేశమంతటా జరుగుతున్నదే.

మందుల విషయంలోనూ ఈ గదుల గోడ అడ్డొస్తుంది. గుండెకు వాడే బీటా బ్లాకర్లు ఊపిరి గొట్టాలను బిగిస్తాయన్న భయంతో, అవసరమైన సీవోపీడీ రోగులకూ వాటిని చాలాకాలం ఇవ్వలేదు. గుండె మీదే ప్రధానంగా పనిచేసే రకాలను, గుండెపోటు వచ్చినవారికి, గుండె వైఫల్యం ఉన్నవారికి జాగ్రత్తగా ఇవ్వవచ్చని ఇప్పుడు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని గుండె జబ్బు లేని సీవోపీడీ రోగులందరికీ ఇస్తే మేలు జరగదు. 532 మందిపై జరిగి 2019లో వెలువడిన మెటోప్రొలాల్ పరీక్షలో జబ్బు తిరగబెట్టడం తగ్గలేదు సరికదా, ఆసుపత్రి పాలైన సందర్భాలు పెరిగాయి. ఎవరికి అవసరమో తెలియాలంటే ముందు గుండెను పరీక్షించాలి. అంతా అక్కడికే వచ్చి ఆగుతుంది.

రోజుకు పదిహేను గంటలు, అయిదు వందల రోజులు

బతుకును పొడిగించేవి ఏమిటన్నది ఇంకా తేలని సంగతేమీ కాదు. పొగ మానేయడం మొదటిది. తరచూ జబ్బు తిరగబెట్టే రోగుల్లో మూడు మందులు కలిసిన ఇన్‌హేలర్ మరణాలను తగ్గించగలదని ఇటీవలి పెద్ద పరీక్షలు సూచించాయి. పల్మనరీ రిహాబిలిటేషన్, అంటే పర్యవేక్షణలో వ్యాయామం, శ్వాస శిక్షణ మరొకటి. ఆసుపత్రి నుంచి వచ్చిన దాదాపు రెండు లక్షల మంది అమెరికన్ వృద్ధుల రికార్డులను విశ్లేషించిన 2020 నాటి అధ్యయనంలో, 90 రోజుల్లోపు ఈ శిక్షణ మొదలుపెట్టినవారిలో ఏడాదిలో 7.3 శాతం మంది చనిపోతే, మొదలుపెట్టనివారిలో 19.6 శాతం. కాస్త ఆరోగ్యంగా ఉన్నవారే శిక్షణకు వెళ్లి ఉండొచ్చు కాబట్టి తేడా అంతా దాని వల్లే అనలేం. అయినా పట్టించుకోదగ్గ తేడా. అక్కడ కూడా అలా మొదలుపెట్టినవారు 1.5 శాతమే.

కుడి గుండె దాకా వచ్చిన జబ్బుకు మాత్రం అసలు ఆధారం ఆక్సిజన్. 1981లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్ష సరిగ్గా ఇలాంటివారి మీద జరిగింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, కాళ్లవాపు వచ్చిన 87 మంది రోగులు. 42 మందికి ఇంట్లోనే రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇచ్చారు, 45 మందికి ఇవ్వలేదు. అయిదేళ్లలో ఇచ్చినవారిలో 19 మంది, ఇవ్వనివారిలో 30 మంది చనిపోయారు. అంతకు ఏడాది ముందు అమెరికాలో 203 మందిపై జరిగిన పరీక్షలో, రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ పెట్టుకున్నవారిలో రెండేళ్లకు దాదాపు 41 శాతం మంది చనిపోతే, రోజులో ఎక్కువ భాగం పెట్టుకున్నవారిలో 22 శాతం.

బ్రిటన్ పరీక్షలో ఎక్కువమంది దృష్టికి రాని ఒక వివరం ఉంది. మగ రోగుల్లో రెండు గుంపుల మధ్య తేడా మొదటి 500 రోజులు కనిపించలేదు. ఆ తర్వాతే బతికినవారి గీతలు విడిపోయాయి. రక్తనాళాల మీద ఏళ్ల తరబడి పడిన ఒత్తిడి వారంలో దిగదు కదా. ఆక్సిజన్ ఇక్కడ ఆయాసం తీర్చే ఉపశమనం మాత్రమే కాదు, రోజూ క్రమం తప్పకుండా వేసుకోవాల్సిన మందు. ఒక నెల అద్దెకు తెచ్చి, మనిషి లేచి కూర్చున్నాడని తిరిగి ఇచ్చేసే మాలాంటి ఇళ్లకు ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మందు కాబట్టి మోతాదూ ఉంటుంది. అందరికీ పనికిరాదు. ఆక్సిజన్ కొద్దిగా మాత్రమే తగ్గిన 738 మందిపై జరిగిన 2016 నాటి అమెరికా పరీక్షలో ఇంటి ఆక్సిజన్ వల్ల ఆయుష్షు పెరగలేదు. నిలకడగా ఉన్నప్పుడు కూడా ఆక్సిమీటర్ 88 లేదా అంతకన్నా తక్కువ చూపేవారికి, కుడి గుండె దెబ్బతిన్న ఆనవాళ్లుంటే ఇంకాస్త పైన ఉన్నవారికి, రక్త పరీక్షతో నిర్ధారించి డాక్టర్లు రాస్తారు. ఎక్కువైనా ప్రమాదమే. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బంది సీవోపీడీ రోగులకు భారీగా ఆక్సిజన్ పెట్టే బదులు 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇస్తే, మరణాలు సగానికి పైగా తగ్గాయని 2010లో తేలింది. కోవిడ్ రోజుల్లో 94 దాటాలని నేర్చుకున్న మనం, సీవోపీడీ రోగి విషయంలో ఆ అంకెను మరిచిపోవాలి. రెగ్యులేటర్‌ను సొంతంగా పెంచకూడదు.

బెడ్డుకు డబ్బుంది, ఇంటికి లేదు

ఇక్కడ ప్రశ్న వైద్యం నుంచి విధానంలోకి వస్తుంది. ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2018 సెప్టెంబర్ 23న ప్రధాని ప్రారంభించింది ఝార్ఖండ్ రాజధాని రాంచీలోనే. కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల వరకు కవరేజీ. 2024 అక్టోబర్ నుంచి 70 దాటినవారందరికీ ఆదాయంతో పని లేకుండా వర్తింపజేశారు. ఆసుపత్రి ఖర్చుతో అప్పులపాలయ్యే కుటుంబాలకు ఇది నిజమైన ఆసరా. అయితే అది ఆసుపత్రిలో చేరిన రోగికి కట్టే డబ్బు. చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల వరకే దాని చేయి అందుతుంది. పైన చెప్పిన ప్రమాదకరమైన నెలలో రెండో సగం దాని పరిధిలో లేదు. అయిదు వందల రోజుల ఆక్సిజన్ సంగతి సరేసరి.

అంటే అదే రోగి ఏడాదికి మూడుసార్లు ఐసీయూలో చేరితే ప్రభుత్వం కడుతుంది. చేరకుండా ఇంట్లో ఉంచే యంత్రానికి కట్టదు. అయిదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ ధర పదుల వేల రూపాయలు. కొనడంతో అయిపోదు. 350 వాట్ల యంత్రం రోజుకు 15 గంటలు నడిస్తే నెలకు దాదాపు 158 యూనిట్లు. నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ ఇస్తున్న ఝార్ఖండ్‌లో ఆ యంత్రమొక్కటే అందులో నాలుగింట మూడు వంతులు తినేస్తుంది. కరెంటు పోతే వేరే సిలిండర్ ఉండాలి.

జంషెడ్‌పూర్‌లో ఈ లోటు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది. 1912లో తొలి ఉక్కు పోసినప్పటి నుంచి ఈ ఊరికి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవాళ్లు వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్తుల రామ మందిరం ఆ వలసకు గుర్తు. కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం దొరికినవారికి కంపెనీ ఆసుపత్రి ఉంది. బాగ్‌బేరా మాత్రం కంపెనీ లీజు ప్రాంతానికి బయట, పంచాయతీల కింద ఉన్న బస్తీ. రైల్వే ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడికి పని ఉన్నంత కాలం ఈఎస్ఐ కార్డు ఉంటుంది, అదీ కాంట్రాక్టర్ కడితే. అయిదేళ్లు బీమాలో ఉండి పదవీ విరమణ చేసినవారికి ఏడాదికి నామమాత్రపు చందాతో వైద్యం కొనసాగే వీలుంది. కాంట్రాక్టర్లు మారుతూ, మధ్యలో ఖాళీలతో పనిచేసినవాడికి ఆ అయిదేళ్లను, ఆ విరమణను కాగితం మీద చూపించడమే కష్టం. దుమ్ము పీల్చింది ముప్పైలో, జబ్బు బయటపడేది అరవైలో. అప్పటికి కార్డు ఉండదు, పాత కాంట్రాక్టర్ ఉండడు.

దుమ్ముకు, జబ్బుకు మధ్య సంబంధాన్ని నిరూపించడం ఎంత కష్టమో తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు తెలుసు. ముసాబని ప్రాంతంలో ర్యామింగ్ మాస్ యూనిట్లు ఉండేవి. ఉక్కు కరిగించే ఇండక్షన్ కొలిమిలకు లోపలి పూతగా వాడే పొడి అది. క్వార్ట్జ్ రాయిని పిండి చేసిన కార్మికులు సిలికోసిస్‌తో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. జంషెడ్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఓషాజ్ అనే కార్మిక ఆరోగ్య సంస్థ ఏళ్ల తరబడి ఆ పేర్లను, ఎక్స్‌రేలను పోగుచేసి జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా తీసుకెళ్లింది. ఆ పోరాటం తర్వాతే కొన్ని కుటుంబాలకు పరిహారం వచ్చింది. సిలికోసిస్‌కు చట్టంలో పేరుంది కాబట్టి ఆ మాత్రమైనా సాధ్యమైంది. దుమ్ము, పొయ్యి పొగ, చుట్ట కలిసి తెచ్చిన సీవోపీడీకి బాధ్యులు ఎవరూ ఉండరు. ఆ కుటుంబాలకు పరిహారం అడిగే దారి లేదు కాబట్టి, కనీసం చికిత్స అడిగే దారి ఉండాలి.

అడగాల్సినవి

దీర్ఘకాలం రోజూ అందాల్సిన చికిత్సను ప్రభుత్వం ఇవ్వలేదన్న వాదన చెల్లదు. 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలయ్యాక పేద కిడ్నీ రోగులకు జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా డయాలసిస్ అందుతోంది. ఆంధ్రప్రదేశ్ డయాలసిస్ రోగులకు నెలనెలా పింఛను కూడా ఇస్తోంది. కిడ్నీ రోగికి ఆసుపత్రిలో ఒక్కసారి చికిత్స చేస్తే సరిపోదన్న సంగతి వ్యవస్థకు అర్థమైంది. ఊపిరితిత్తుల రోగి విషయంలో ఇంకా అర్థం కాలేదు.

యంత్రాలు అసలు లేవా అంటే అదీ కాదు. 2021లో పీఎం కేర్స్ నిధితో లక్ష పోర్టబుల్ కాన్సన్‌ట్రేటర్లు కొనాలని కేంద్రం నిర్ణయించింది. రాష్ట్రాలు, కంపెనీలు, దాతలు ఇచ్చినవి వేరు. జిల్లా స్థాయిలో వాటి జాబితా తీసి, పనిచేసేవాటిని ఆక్సిజన్ బ్యాంకుగా మార్చి, డాక్టర్ రాసిచ్చిన రోగికి ఏళ్ల లెక్కన ఇంటికి ఇవ్వవచ్చు. ఇంటి ఆక్సిజన్ వాడే కుటుంబానికి కరెంటు రాయితీలో వేరే పరిమితి పెట్టవచ్చు. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఇప్పుడు సీవోపీడీ కూడా ఉంది. ప్రాథమిక కేంద్రంలో బీపీ, షుగర్ చూసినట్టే, ఆయాసంతో వచ్చిన నలభై దాటిన మనిషికి ఆక్సిమీటర్ పెట్టి, జిల్లా ఆసుపత్రిలో స్పైరోమెట్రీకి పంపడం అసాధ్యమేమీ కాదు. సీవోపీడీతో చేరిన రోగిని ఈసీజీ, ఎకో లేకుండా ఇంటికి పంపకూడదన్నది ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని. డిశ్చార్జి తర్వాతి నెలలో రెండు వారాలకు ఒకసారి ఆశా కార్యకర్త వెళ్లి కాళ్లవాపు, ఆక్సిజన్ అంకె చూసి రావడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఇంట్లో మనం చేయగలిగేవీ ఉన్నాయి. ఏళ్లుగా ఆయాసం ఉన్న పెద్దవాళ్ల పాదాలను సాయంత్రం పూట ఒకసారి నొక్కి చూడండి. రెండు మూడు రోజుల్లో బరువు ఒక్కసారిగా పెరిగితే అది తిండి కాదు, నీరు. పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, గుండె దడ, పెదవులు నీలంగా మారడం, పగలు కూడా మత్తుగా ఉండటం డాక్టర్‌కు వెంటనే చెప్పాల్సినవి. ఛాతీ నొప్పి వస్తే ఇన్‌హేలర్‌తో సరిపెట్టకుండా ఈసీజీ తీయించండి. ఎకో ఎప్పుడు తీశారని అడగండి. ఆక్సిజన్ రాస్తే ఎన్ని గంటలు, ఎన్నాళ్లు, ఎంత మోతాదు అని కాగితం మీద రాయించుకోండి. ఆక్సిజన్ పెట్టిన గదిలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి. డిశ్చార్జి అయిన నెల రోజులు మనిషిని ఒంటరిగా వదలకండి.

మా పెద్దమ్మ ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. గుండె మధ్యలో రాలేదు పెద్దమ్మా, మొదటి నుంచీ అక్కడే ఉంది. పదేళ్లుగా ఆ ఊపిరితిత్తుల బరువు అదే మోసింది. కాళ్లవాపుతో ఆ సంగతి చెప్పింది కూడా. వినే పని మనకు ఎవరూ నేర్పలేదు.

రెండో ప్రశ్నకే జవాబు లేదు. పంతొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న నగరానికి కొద్ది రోజుల్లో 120 టన్నుల ఆక్సిజన్ చేర్చిన దేశం, అదే పట్టాల పక్కన ఉన్న ఇంటికి నిమిషానికి రెండు లీటర్లు ఎందుకు చేర్చలేకపోయింది? అప్పుడు అది అత్యవసరం కాబట్టి చేయగలిగాం అంటారు. బాగ్‌బేరాలో, పలాసలో, వరంగల్‌లో రోజూ సాయంత్రం పాదాలు వాచే మనిషికి అది ప్రతిరోజూ అత్యవసరమే. ఆ మనిషి ఒక్కసారిగా కూలిపోడు కాబట్టి అది మనకు కనిపించడం లేదు, అంతే.